బండి తీయబోయి ప్రాణం తీయవద్దు

వాహనం కాలువలో పడిందన్న వార్త పశ్చిమ గోదావరి జిల్లాలో ఎవరినీ ఆశ్చర్యపరచదు. చేపల లారీ కావచ్చు, ధాన్యం ట్రాక్టరు కావచ్చు, పెళ్ళికి వెళ్ళి వస్తున్న కారు కావచ్చు. ఆ తర్వాత జరిగే తతంగం కూడా అందరికీ తెలిసిందే. గట్టు మీద జనం పోగవుతారు. ఎవరో క్రేనుకు ఫోను చేస్తారు. క్రేను వచ్చేసరికి ఊళ్ళో ఈత బాగా వచ్చిన కుర్రవాడొకడు లుంగీ ఎగగట్టి, కొక్కెం పట్టుకుని నీళ్ళలోకి దిగుతాడు. అతను పైకి తేలాడో లేదో చూడకుండానే పదిమంది పది రకాలుగా "లాగు, లాగు" అని అరుస్తారు. తాడు బిగుసుకుంటుంది. పిల్లలు దాని పక్కనే నిలబడి చూస్తూ వుంటారు. బండి బయటికి వస్తే చప్పట్లు కొడతారు. రాకపోతే మరో క్రేను తెప్పిస్తారు.

ఈ తతంగంలో ప్రతి అడుగులోనూ ఒక ప్రమాదం పొంచి వుంది. కాలువలో పడిన వాహనం మొదటి ప్రమాదమైతే, దాన్ని తీసే పని రెండవ ప్రమాదం. మొదటి దాని మీద దర్యాప్తు వుంటుంది, కేసు వుంటుంది, ఒక్కొక్కసారి నష్టపరిహారమూ వుంటుంది. రెండవ దానికి అడిగే నాథుడే లేడు. నీళ్ళలోకి దిగే కుర్రవాడి పేరు ఏ రికార్డులోనూ వుండదు. క్రేను తాడు ఎప్పుడు కొన్నదో చూసేవారు వుండరు. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే అధికారం ఎవరిదో ఎవరికీ తెలియదు. ఇంతటి అపాయకరమైన పనిని ఒక పద్ధతి అంటూ లేకుండా వదిలివేయడం ఇకనైనా మానాలి.

గట్లు ఎందుకు కట్టారు?

ధవళేశ్వరం వద్ద కాటన్ దొర ఆనకట్ట కట్టింది 1847-1852 మధ్య. ఆ ఆనకట్ట నుంచి తీసిన కాలువలు పొలాలకు నీరివ్వడానికే కాక, పడవల రాకపోకలకూ పనికివచ్చాయి. గట్ల మీద మనుషులు నడుస్తూ తాళ్ళతో పడవలను లాగేవారు. ఆ కాలినడక బాటలే క్రమంగా మట్టిరోడ్లు, తారురోడ్లు అయ్యాయి. నేడు వాటి మీద రొయ్యల మేత లారీలు, ఐసు లారీలు, చేపల వ్యానులు, కొబ్బరి లోడ్లు, బడి బస్సులు నడుస్తున్నాయి. మనిషి నడకకు సరిపోయిన గట్టు మీద టన్నుల బరువు పరుగెత్తుతోంది. ఒకవైపు కాలువ, మరోవైపు చేను లేదా చేపల చెరువు. ఎదురుగా మరో లారీ వస్తే తప్పుకోవడానికి జాగా వుండదు. పక్కగోడ లేని మలుపులు, లైట్లు లేని రేవులు అడుగడుగునా వున్నాయి.

రక్షణ గోడలు కట్టాలని, మలుపుల వద్ద మెరుపు బిళ్ళలు పెట్టాలని ప్రజలు ఏళ్ళ తరబడి అడుగుతూనే వున్నారు. ఆ కోరిక న్యాయమైనది, దాన్ని వదలవలసిన పని లేదు. కాని గోడలన్నీ కట్టేదాకా వాహనాలు పడకుండా ఆగవు. పడినప్పుడు ఏం చేయాలన్నది ఈలోగా తేలవలసిన విషయం.

మనిషి వేరు, బండి వేరు

మొట్టమొదట తేల్చుకోవలసింది ఒకటి వుంది. వాహనంలో చిక్కుకున్న మనిషిని కాపాడడం ఒక పని. వాహనాన్ని బయటికి తీయడం మరో పని. మొదటిది నిమిషాలలో జరగాలి. రెండవది ఎన్ని గంటలు పట్టినా కొంప మునగదు. మన గట్ల మీద ఈ రెండింటినీ కలగాపులగం చేస్తున్నారు. లోపల మనుషులు వున్నప్పుడు క్రేను కోసం ఎదురుచూస్తూ విలువైన సమయం పోగొట్టుకుంటున్నారు. అందరూ బయటపడ్డాక, ఇక ఖాళీ బండి మాత్రమే మిగిలినప్పుడు, ఎవరి ప్రాణమో పోతున్నంత తొందరతో లాగుతున్నారు.

2021 డిసెంబరు 15న జంగారెడ్డిగూడెం దగ్గర జల్లేరు వాగులో ఆర్.టి.సి. బస్సు పడి డ్రైవరుతో సహా పలువురు మరణించిన సంగతి ఈ ప్రాంత ప్రజలు మరచిపోలేదు. ఆనాడు ముందుగా చేరుకున్నది చుట్టుపక్కల జనమే. కిటికీల గుండా ప్రయాణికులను బయటికి తీశారు. బస్సును క్రేనుతో తీయడం ఆ తర్వాతి పని. ఏ ప్రమాదంలోనైనా వరుస అదే కావాలి. కారు నీటిలో పడగానే పూర్తిగా మునిగిపోదు, కాసేపు తేలుతుంది. ఆ కాసేపట్లో బెల్టు విప్పుకుని, అద్దం దించుకుని బయటపడాలి. బయటి నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు కాబట్టి దానితో పెనుగులాడి సమయం పోగొట్టుకోకూడదు. గట్టు మీద వున్నవారు తాడో, గెడకర్రో, గాలి నింపిన ట్యూబో విసరాలి. ఈత వచ్చినవారు సైతం ఒట్టి చేతులతో దూకడం చివరి మార్గమే కావాలి.

మనుషులంతా బయటపడ్డారని లెక్క తేలిన మరుక్షణం నుంచి తొందర అనే మాటకు తావు లేదు. ఆ లెక్క ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని తేల్చాలి. బండిలో ఎంతమంది ఎక్కారు, ఎంతమంది గట్టుకు చేరారు, వారిలో ఆసుపత్రికి వెళ్ళినవారెందరు అన్నది రాసుకోవాలి. నోటిమాట మీద నమ్మి క్రేను తిప్పితే లోపల మిగిలిపోయిన మనిషికి అదే చివరి దెబ్బ కావచ్చు.

నీళ్ళు తగ్గిస్తే సగం పని అయినట్టే

మన కాలువల మీద లాకులు వున్నాయి, రెగ్యులేటర్లు వున్నాయి, వాటిని చూసుకునే లస్కర్లు వున్నారు. అయినా వాహనం పడినప్పుడు నీటిమట్టం తగ్గించమని అడగాలన్న ఆలోచన చాలా సందర్భాల్లో ఆఖరున వస్తుంది. ప్రవాహపు వేగం రెండింతలైతే అది మనిషి మీద, బండి మీద చూపే తోపుడు నాలుగింతలు అవుతుంది. వేగం సగానికి తగ్గితే తోపుడు నాలుగో వంతుకు దిగుతుంది. గజ ఈతగాడికి ఇది చావుబ్రతుకుల తేడా.

2020 ఫిబ్రవరిలో కరీంనగర్ వద్ద కాకతీయ కాలువలో ఒక మోటారు సైకిలు పడింది. గాలింపు కోసం అధికారులు నీటి విడుదల ఆపించారు. మట్టం తగ్గాక మరో కారు బయటపడింది. అందులో, మూడు వారాల నుంచి కనిపించకుండా పోయిన ఒక కుటుంబంలోని ముగ్గురి మృతదేహాలు వున్నాయి. నిండు కాలువ తన కడుపులో ఏమున్నదో చెప్పదు. నీరు తగ్గించడం కంటే మించిన వెతుకులాట లేదని ఆ సంఘటన నిరూపించింది.

కాలువ పొడవు ఎక్కువ కాబట్టి తల రెగ్యులేటరు వద్ద గేటు దించిన ఫలితం కింద కనపడడానికి గంటలు పడుతుంది. అందుకే కబురు మొదటే వెళ్ళాలి. పడిన చోటికి ఎగువన దగ్గరలో వున్న లాకు ఏది, అక్కడి లస్కరు ఫోను నంబరు ఏమిటి అన్నది ప్రతి పోలీసు స్టేషను గోడ మీదా రాసి వుండాలి. "పై అధికారి ఉత్తర్వు లేనిదే గేటు ముట్టుకోము" అనే జవాబు ఇక వినపడకూడదు. ప్రాణాపాయ సమయంలో మట్టం తగ్గించే అధికారాన్ని క్షేత్రస్థాయి ఇంజనీరుకే ముందుగా ఇచ్చి వుంచితే సరిపోతుంది.

బరువు లెక్క

కారు బరువు టన్ను, టన్నున్నర. కాబట్టి చిన్న క్రేను చాలునని అనుకుంటారు. ఈ లెక్క నేల మీద సరే, నీళ్ళ దగ్గర తప్పు. ఒక ఘనపు మీటరు నీరు వెయ్యి కిలోలు తూగుతుంది. కారు లోపల రెండు మూడు ఘనపు మీటర్ల నీరు పడుతుంది. బస్సు లోపలైతే ముప్పై, నలభై టన్నుల నీరు పట్టే చోటుంటుంది. బండి నీటిలో మునిగి వున్నంతసేపు లోపలి నీటి బరువు తాడుకు తెలియదు. నీటి పైకి లేచిన క్షణం నుంచి ఆ బరువంతా తాడు మీద పడుతుంది. దీనికి తోడు అడుగున వున్న బురద చక్రాలను పట్టి పీలుస్తుంది. దాన్ని విడిపించుకోవడానికి కావలసిన బలం బండి బరువును మించిపోవచ్చు. మేత బస్తాలు, తవుడు బస్తాలు వున్న లారీ అయితే సరుకు నీరు పీల్చి మరింత బరువెక్కుతుంది.

అనుభవజ్ఞులు చేసే పని వేరు. బస్తాలు తీయగలిగితే ముందు తీసివేస్తారు. బండిని ఒక్కసారిగా గాలిలోకి ఎత్తరు. ముందు బురద నుంచి నెమ్మదిగా కదలిస్తారు, ఆపుతారు. గట్టు వాలు వెంబడి జరుపుతారు. నీటి అంచుకు రాగానే తలుపులు, అద్దాలు తెరిచి నీరంతా కారిపోయేదాకా నిలిపి వుంచుతారు. పావుగంట ఆగితే టన్నుల బరువు తనంతట తానే దిగిపోతుంది. ఆ పావుగంట ఓపిక లేకనే తాళ్ళు తెగుతున్నాయి, క్రేన్లు ఒరుగుతున్నాయి.

పెద్ద యంత్రాలు వుంటే చాలు, పని దానంతటదే అవుతుందన్న భ్రమ కూడా వద్దు. 2024 సెప్టెంబరు 1న కృష్ణ వరదలో బరువైన బోట్లు కొట్టుకువచ్చి విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్ల వద్ద చిక్కుకున్నాయి. కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. వరద తగ్గాక 50 టన్నుల క్రేన్లు రెండు పెట్టి లాగినా బోట్లు వెంటనే కదలలేదు. ఇసుక, నీరు, ప్రవాహం కలిసి వాటిని పట్టివుంచాయి. గజ ఈతగాళ్ళు నీటి అడుగుకు వెళ్ళారు, ఇనుమును కోశారు, పద్ధతులు మార్చి మార్చి చూశారు. రోజుల తరబడి శ్రమించిన తర్వాతనే అవి బయటికి వచ్చాయి. అక్కడ ఇంజనీర్లు దగ్గర వుండి చేయించారు. మన గట్టు మీద ఇంజనీరూ లేడు, లెక్కా లేదు.

తెగిన తాడు కత్తితో సమానం

ఈ పనిలో అన్నింటికంటె ప్రమాదకరమైనది బిగుసుకున్న ఇనుప తాడు. అది తెగితే కింద పడదు. విల్లు విడిచిన నారి లాగా వెనక్కి కొడుతుంది. ఆ దెబ్బకు కాళ్ళు, చేతులు తెగిపోతాయి. తాడు పొడవు ఎంతో అంత దూరం వరకూ, దాని రెండు చివరల చుట్టూ, మనిషన్నవాడు వుండకూడదు. బిగిసిన తాడును దాటడం, దాని మీద చేయి వేసి ఆనుకోవడం ఆత్మహత్యాసదృశం. తాడు మధ్యలో తడి గోనె సంచులో, బరువైన దుప్పటో వేస్తే తెగినప్పుడు ఊపు కొంత తగ్గుతుంది. ఖర్చు లేని ఈ జాగ్రత్త కూడా మన దగ్గర అరుదు.

తాడు తెగేది ఉన్నట్టుండి కాదు, ముందే చెబుతుంది. పోగులు లేచి ముళ్ళలా గుచ్చుకోవడం, మెలిక పడి చపటగా అణగడం, తుప్పు పట్టి సన్నబడడం, ఇవన్నీ ఆ తాడును పారేయమని చెప్పే గుర్తులు. అటువంటి తాడుకు ముడి వేసి వాడడం నేరంగా భావించాలి. డ్రమ్ము మీద తాడు పూర్తిగా విప్పకూడదు, కనీసం మూడు చుట్లు మిగలాలి. లేకపోతే బరువంతా చివరి బిగింపు మీద పడి అది ఊడిపోతుంది.

తాడు తగిలించే చోటు కూడా ముఖ్యమే. బంపరుకు, స్టీరింగు రాడ్డుకు, తలుపు కమ్మీకి కొక్కెం వేస్తే అది విరిగి తూటాలా ఎగిరి వస్తుంది. చాసిస్సుకో, ఇరుసుకో, కంపెనీవారు లాగడానికి ఇచ్చిన రింగుకో తగిలించాలి. రెండు బెల్టులు వేసి ఎత్తేటప్పుడు అవి ఎంత నిటారుగా వుంటే అంత మంచిది. రెండూ బాగా విచ్చుకుని, ఒక్కొక్కటి అడ్డంగా వున్న గీతకు ముప్పై డిగ్రీల కోణంలో వుంటే, సగం సగం పంచుకోవలసిన బరువును ఒక్కొక్క బెల్టూ పూర్తిగా మోయవలసి వస్తుంది. "రెండు బెల్టులు వేశాం, భయం లేదు" అనేవారు ఈ సంగతి గమనించాలి.

గోదావరి మీద ఈ పని ఎంత కష్టమో 2019లో యావదాంధ్ర దేశమూ చూసింది. సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిన పర్యాటక బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న ఒడ్డుకు చేర్చింది. ఇనుప తాళ్ళు, లంగర్లు, పొక్లెయిన్లు వాడారు. నది పెరిగినప్పుడు పని ఆపారు, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టారు. ఆ బృందం నుంచి మనం నేర్చుకోవలసింది ధైర్యం ఒక్కటే కాదు, ఎప్పుడు ఆగాలో తెలియడం కూడా.

క్రేను నిలబడిన నేల

మన ఊళ్ళకు వచ్చేవి ఎక్కువగా పన్నెండు, పధ్నాలుగు టన్నుల హైడ్రా క్రేన్లు. పేరుకు పధ్నాలుగు టన్నులే కాని, ఆ అంకె బూమ్ దగ్గరగా వుండి, నేల గట్టిగా, సమంగా వున్నప్పటిది. బూమ్ కాలువ మధ్యకు చాచిన కొద్దీ ఎత్తగల బరువు వేగంగా తగ్గిపోతుంది. ఎంత చాస్తే ఎంత ఎత్తవచ్చో చెప్పే పట్టిక క్రేనుతోనే వస్తుంది. ఆ పట్టిక చూసి పని మొదలుపెట్టే డ్రైవర్లు ఎందరు? నిటారుగా ఎత్తడానికి చేసిన క్రేనుతో ఏటవాలుగా, పక్కకు లాగడం మరో పొరపాటు. క్రేను ఒరిగేది అప్పుడే.

గట్టు అంచు చూడడానికి గట్టిగా కనబడుతుంది. లోపల నీరు తిని మెత్తబడి వుంటుంది. అప్పటికే ఒక వాహనం జారిన చోట మట్టి మరింత వదులై వుంటుంది. క్రేనును అంచు నుంచి వెనక్కి నిలబెట్టి, చక్రాల కింద, కాళ్ళు వుంటే కాళ్ళ కింద, మందమైన దుంగలో ఇనుప పలకలో వేయాలి. పని జరుగుతున్నంతసేపు గట్టు మీద పగుళ్ళు వస్తున్నాయేమో చూడడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టాలి.

క్రేను దొరకక ట్రాక్టరుతో లాగే అలవాటు పల్లెల్లో వుంది. ట్రాక్టరుకు గొలుసు ఎప్పుడూ కింద వున్న డ్రాబారుకే తగిలించాలి. సీటు వెనకనో, ఇరుసుకు పైననో తగిలించి లాగితే, బండి కదలనప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేస్తాయి. కన్ను మూసి తెరిచేలోగా ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడుతుంది. క్లచ్చి ఒక్కసారిగా వదిలి జెర్కుతో లాగడం దీనికి ఆహ్వానం పలకడమే. రెండు ట్రాక్టర్లు వరుసగా కట్టి లాగడం వల్ల ప్రమాదం రెట్టింపు అవుతుందే గాని తగ్గదు.

తల పైన కరెంటు తీగలు వుండని గట్టు మన జిల్లాలో అరుదు. పని మొదలుపెట్టే ముందు తల ఎత్తి చూడాలి. తీగ దగ్గరలో వుంటే లైన్‌మనును పిలిచి సరఫరా ఆపించాలి. ఆపినట్టు అతను చెప్పేదాకా బూమ్ ఎత్తకూడదు. బూమ్ తీగను తాకితే క్రేను మీద వున్నవాడే కాదు, తడి తాడు పట్టుకున్నవాడూ, నీళ్ళలో వున్నవాడూ బలి అవుతారు.

నీళ్ళలో దిగే మనిషి

అందరికంటె ముందు దిగేది, అందరికంటె తక్కువ డబ్బు పుచ్చుకునేది గజ ఈతగాడు. ఎక్కువగా మత్స్యకార కుటుంబాలకు చెందిన యువకులు. వారి నైపుణ్యానికి చేతులెత్తి మొక్కవలసిందే. కాని నైపుణ్యం వున్నదన్న కారణంతో వారి ప్రాణాన్ని చులకన చేయడం తగదు. వారు దిగే నీరు మురికిగా వుంటుంది, చేయి చాస్తే కనపడదు. అడుగున పగిలిన అద్దాలు, వంగిన రేకులు, చెట్ల మొద్దులు, పాత వలలు వుంటాయి. బండి ఒక పక్కకు ఒరిగి వుంటే కదలికలో మీద పడవచ్చు. తూముల దగ్గర, లాకుల దగ్గర నీరు మనిషిని లోపలికి లాగేస్తుంది.

ఈతగాడు నీటిలో వున్నంతసేపు క్రేను తాడు బిగించరాదు. ఇది మొదటి సూత్రం. అతను కొక్కెం తగిలించి, గట్టు ఎక్కి, దూరంగా వచ్చి చేయి ఎత్తిన తర్వాతనే వించి తిరగాలి. లైఫ్ జాకెట్టు లేకుండా ఎవరినీ దింపరాదు. జాకెట్టుతో అడుగుకు మునగడం కుదరని పనికి, శిక్షణ పొంది, శ్వాస పరికరం వున్న డైవరు కావాలి తప్ప ఊపిరి బిగబట్టిన కుర్రవాడు కాదు. రక్షణ తాడు కట్టినా అది ఒక్క లాగుతో విడిపోయేలా వుండాలి. విడిపోని ముడి ప్రవాహంలో మనిషిని ముంచేస్తుంది. దిగువన మరో ఇద్దరు తాడుతో సిద్ధంగా వుండాలి. చీకటి పడితే ఖాళీ బండి కోసం ఎవరినీ దింపవద్దు, తెల్లవారి తీయవచ్చు.

బయటికి వచ్చాక

బండి గట్టెక్కగానే పని అయిపోయినట్టు కాదు. తాళం తిప్పి ఇంజను స్టార్టు చేయబోతారు. సిలిండర్లలో నీరు వుంటే పిస్టన్లు దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. బాగుపడగల ఇంజను తుక్కు అవుతుంది. బ్యాటరీ తీగలు విప్పి, వర్క్‌షాపుకు లాక్కుపోవడమే సరైన పని. డీజిలు, ఇంజనాయిలు కాలువలో కలిస్తే ఆ నీరే కింది గ్రామాల మంచినీటి చెరువులకు పోతుంది. ఎండాకాలానికి ముందు చెరువులు నింపే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. నూనె తెట్టె కనపడితే దిగువ పంచాయతీలకు వెంటనే కబురు చేయాలి.

ఈ కాలపు కొత్త ప్రమాదం కరెంటు బండ్లు. బ్యాటరీ ఆటోలు, స్కూటర్లు, కార్లు పల్లెలకు కూడా వచ్చాయి. వాటి లిథియం బ్యాటరీలో నీరు చేరితే అప్పుడే కాక, గంటల తర్వాత, ఒక్కొక్కసారి రోజుల తర్వాత మంట లేవవచ్చు. అటువంటి బండిని బయటికి తీశాక ఇళ్ళకు, పాకలకు, ఇతర వాహనాలకు కనీసం యాభై అడుగుల దూరంలో ఆరుబయట వుంచాలి. పోలీసు స్టేషను ఆవరణలో పట్టుకున్న మోటారు సైకిళ్ళ మధ్య నిలబెట్టడం నిప్పుతో చెలగాటం.

ఎవరిది బాధ్యత?

జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగితే 1033కి ఫోను చేయవచ్చు. టోలు గేటు దగ్గర క్రేను, అంబులెన్సు, గస్తీ బండి వుండే ఏర్పాటు వుంది. కాలువ గట్టు మీద అటువంటిదేమీ లేదు. రోడ్డు ఒక శాఖది, గట్టు మరో శాఖది, నీరు ఇంకో అధికారిది, తీగలు కరెంటు వారివి, కేసు పోలీసులది. ప్రమాదం మాత్రం ప్రజలది. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ కొండపావులూరులో వుంది. పెద్ద విపత్తుకు అది రక్షగా నిలుస్తుంది. కాని ఒక ట్రాక్టరు పడిన ప్రతిసారీ అక్కడి నుంచి దళం వచ్చేదాకా ఆగలేము. మనకు మనం చేసుకోవలసిన ఏర్పాటు మండల స్థాయిలోనే వుండాలి.

జిల్లా కలెక్టరు అధ్యక్షతన జలవనరులు, పోలీసు, అగ్నిమాపక, రోడ్లు-భవనాలు, పంచాయతీరాజ్, విద్యుత్తు, రవాణా శాఖలు ఒక్కరోజు కూర్చుంటే తేలిపోయే పనులివి. సంఘటన స్థలంలో అధికారం ఒక్కరిదే కావాలి. అగ్నిమాపక అధికారి కావచ్చు, ఆయన వచ్చేదాకా పోలీసు ఎస్.ఐ. కావచ్చు. లాగమనే సైగ ఒక్కరే చేయాలి. ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా డ్రైవరు ఆపాలి. ప్రతి మండలంలో క్రేను యజమానుల, గజ ఈతగాళ్ళ జాబితా తయారు చేసి, ఈతగాళ్ళకు శిక్షణ, గుర్తింపు కార్డు, నిర్ణీత వేతనం, బీమా కల్పించాలి. ప్రధానమైన లాకుల వద్ద లైఫ్ జాకెట్లు, విసిరే తాళ్ళు, తేలే రింగులు, టార్చిలైట్లు వుంచాలి. క్రేను తాళ్ళు, కొక్కేలు, బెల్టులు ఏటా పరీక్షించి ముద్ర వేయాలి. ముద్ర లేని క్రేనును గట్టు ఎక్కనివ్వరాదు.

దీనికి డబ్బెక్కడిదని అడగవచ్చు. ఒక లాకుకు కావలసిన జాకెట్లు, తాళ్ళు, లైట్లు కొనడం ప్రభుత్వానికి మోయలేని భారమేమీ కాదు. ఏటా వేసవిలో కాలువలు కట్టివేసే రోజులు ఎలాగూ వున్నాయి. ఆ రోజుల్లో పూడిక తీతతో పాటు, ఎండిన కాలువలో ఒక పాత బండిని దించి అన్ని శాఖల సిబ్బందితో, ఈతగాళ్ళతో కలిసి తీసే అభ్యాసం చేయవచ్చు. మలుపుల వద్ద రక్షణ గోడలు కట్టడానికీ అదే అదను.

క్రేను యజమానులతోనూ ఒక మాట. గంటల లెక్కన అద్దె వుంటే బండి యజమాని తొందరపెట్టడం సహజం. కాని తాడు తెగితే ముందు పోయేది మీ డ్రైవరు, మీ క్లీనరు. అద్దెను గంటకు కాక పనికి నిర్ణయిస్తే తొందర సగం తగ్గుతుంది. రవాణా అధికారులు ఇందుకు ఒక రేటు ఖరారు చేయాలి.

ప్రజల వంతు

అధికారులను మాత్రమే వేలెత్తి చూపితే సరిపోదు. గట్టు మీద మూగే జనం మనమే. సెల్‌ఫోనులో బొమ్మ తీయడానికి తాడు పక్కకు వెళ్ళేదీ మనవాళ్ళే. అటువంటి చోట పది నిమిషాలు దూరంగా నిలబడడం కూడా సహాయమే. పిల్లలను వెనక్కి పంపడం, అంబులెన్సుకు దారి వదలడం, వచ్చే వాహనాలను రెండు వైపులా ఆపడం, 112కు, 108కు సరైన గుర్తులతో కబురు చేయడం అంతకంటె పెద్ద సహాయం. ప్రమాదంలో చిక్కుకున్నవారిని సద్బుద్ధితో ఆదుకున్నవారిని కేసులతో వేధించరాదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. సాక్ష్యానికి తిప్పుతారేమోనన్న భయంతో వెనుకాడనవసరం లేదు.

ఇనుము పోతే ఇనుము కొనవచ్చు. బీమా వున్న బండికి కంపెనీ డబ్బిస్తుంది. కొక్కెం పట్టుకుని నీళ్ళలో దిగిన కుర్రవాడికి బీమా లేదు, అతని ఇంటికి మరో ఆధారం లేదు. వేసవి కట్టుబడి ముగిసి కాలువలకు మళ్ళీ నీరు వదిలేలోగా ఈ ఏర్పాట్లు కాగితం మీద కాక గట్టు మీద కనపడాలి. ఇంకొక దుర్ఘటన జరిగాక విచారణ సంఘం వేసి, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే, ఒక్క సమావేశం పెట్టి ఒక్క ఉత్తర్వు ఇవ్వడం జిల్లా యంత్రాంగానికి గౌరవం.